‘మై లైఫ్ యాజ్ ఎ డాగ్’ (1985): తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ స్వీడిష్ సినిమా చూడమని ఎవరికి చెప్పినా దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి. కొందరు చూసే ముందు అడుగుతారు, కొందరు మధ్యలో ఆపి అడుగుతారు, కొందరు చూశాక రెండు రోజులు ఆగి అడుగుతారు. విడివిడిగా జవాబులు చెప్పే బదులు అన్నీ ఒకచోట రాశాను. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికే వెళ్ళొచ్చు. మూడో భాగంలో మాత్రం కథ మొత్తం తెలిసిపోతుంది. సినిమా చూడనివాళ్ళు ఆ భాగం తర్వాత చదవండి.

## చూడాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

అసలు కథేంటి? రెండు ముక్కల్లో చెప్పండి.

1950ల చివర, స్వీడన్. ఇంగెమార్‌కి పన్నెండేళ్ళు. తల్లికి తగ్గని జబ్బు, తండ్రి దగ్గర లేడు. అన్నదమ్ములిద్దరి అల్లరి తట్టుకునే ఓపిక ఆమెకు లేదు. ఆమెకు విశ్రాంతి దొరకాలని పిల్లలిద్దరినీ చెరో చోటికి పంపేస్తారు. ఇంగెమార్ స్మోలాండ్ ప్రాంతంలో ఒక గాజు ఫ్యాక్టరీ ఊరికి, గున్నార్ మామయ్య ఇంటికి వెళ్తాడు. ప్రాణంగా చూసుకునే తన కుక్క సిక్కన్‌ని వదిలి వెళ్ళాల్సి వస్తుంది. ఆ ఊళ్ళో గడిపిన కాలం, మధ్యలో ఇంటికి తిరిగి రావడం, మళ్ళీ ఆ ఊరికే వెళ్ళడం, ఇదే సినిమా. హత్యలు, మలుపులు, విలన్ ఏమీ ఉండవు. నిడివి 101 నిమిషాలు.

టైటిల్ చూస్తే కుక్క సినిమాలా ఉంది. కుక్క కష్టపడే సీన్లు నేను చూడలేను. చూడొచ్చా?

కుక్కను కొట్టడం, హింసించడం తెరమీద ఉండదు. సిక్కన్ కనిపించేదే కాసేపు. కానీ సినిమా అంతా ఆ పిల్లాడి మనసులో సిక్కన్ ఉంటుంది. దానితోపాటు అంతరిక్షంలోకి పంపిన లైకా అనే కుక్క గురించి పదేపదే ఆలోచిస్తాడు. ఇంట్లో కుక్కను పెంచుకున్నవాళ్ళకి, ముఖ్యంగా ఈమధ్యే పోగొట్టుకున్నవాళ్ళకి, గుండె బరువెక్కే సినిమా. ఆ దుఃఖం ఇంకా పచ్చిగా ఉంటే కొన్నాళ్ళు ఆగి చూడమనే చెబుతాను.

చాలా స్లోగా ఉంటుందా?

నెమ్మదిగా ఉండదు. చిన్న చిన్న సంఘటనలు చకచకా వచ్చి వెళ్ళిపోతుంటాయి. నవ్వించే సీన్లు బాగా ఉన్నాయి. కానీ ఇంటర్వెల్ ముందు పెద్ద మలుపు వస్తుందని ఎదురుచూస్తే నిరాశే. మొదటి ఇరవై నిమిషాలు ఇంట్లో టెన్షన్‌గా గడుస్తాయి, ఊరికి చేరాక గాలి మారుతుంది. అక్కడిదాకా ఓపిక పట్టండి.

పిల్లలతో కలిసి చూడొచ్చా?

పిల్లాడి కథే అయినా చిన్నపిల్లల సినిమా కాదు. వయసుకొస్తున్న పిల్లల కుతూహలం, శరీరం గురించిన ప్రశ్నలు ఇందులో దాపరికం లేకుండా వస్తాయి. శిల్పి ముందు ఒక యువతి నగ్నంగా కూర్చునే సీన్ ఉంది. తల్లి మరణం ఉంది. ముందు పెద్దవాళ్ళు ఒకసారి చూసి, మీ ఇంట్లో పిల్లల వయసును బట్టి నిర్ణయించుకోవడం మంచిది. నా లెక్కలో పదహారు దాటినవాళ్ళు నిరభ్యంతరంగా చూడొచ్చు. ఆ వయసు పిల్లలతో చూస్తే మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది.

ఏ భాషలో చూడాలి?

స్వీడిష్‌లోనే చూడండి, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని. డైలాగులు తక్కువ, వాక్యాలు చిన్నవి. సబ్‌టైటిల్స్ చదవడం అలవాటు లేనివాళ్ళు కూడా ఇబ్బంది పడరు. పిల్లాడి గొంతులో సాగే స్వగతం ఈ సినిమాకి ప్రాణం. డబ్బింగ్‌లో ఆ గొంతు పోతుంది. క్రైటీరియన్ అనే అమెరికన్ కంపెనీవాళ్ళు డీవీడీ, బ్లూరే తెచ్చారు.

ఆస్కార్ వచ్చిందా?

రాలేదు, రెండు నామినేషన్లు వచ్చాయి. 1988లో జరిగిన ఆస్కార్ వేడుకలో దర్శకుడు లాస్సె హాల్‌స్ట్రోమ్‌కి ఉత్తమ దర్శకుడి విభాగంలో, నవల ఆధారంగా రాసిన స్క్రీన్‌ప్లేకి ఇంకో విభాగంలో. ఇంగ్లీష్ కాని భాషలో తీసిన చిన్న సినిమాకి దర్శకత్వ విభాగంలో చోటు దొరకడం అరుదైన విషయం. ఆ రెండు అవార్డులూ ఆ ఏడాది ‘ది లాస్ట్ ఎంపరర్’కి వెళ్ళాయి. ఉత్తమ విదేశీ చిత్రంగా గోల్డెన్ గ్లోబ్ మాత్రం దక్కింది. స్వీడన్‌లో గుల్డ్‌బాగె అవార్డుల్లో ఉత్తమ చిత్రంగా నిలిచింది, ఇంగెమార్‌గా చేసిన ఆంటన్ గ్లాన్‌జేలియస్‌కి ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చారు. సినిమా విడుదలయ్యేనాటికి ఆ అబ్బాయికి నిండా పన్నెండేళ్ళు లేవు.

ఇది నిజంగా జరిగిన కథా?

రేయిదార్ యోన్సన్ 1983లో రాసిన నవల దీనికి ఆధారం. తన బాల్యాన్ని ఆధారం చేసుకునే రాశాడు కానీ ఆత్మకథగా రాయలేదు. స్క్రీన్‌ప్లేలో కూడా ఆయన పాలుపంచుకున్నాడు. దర్శకుడు హాల్‌స్ట్రోమ్ 1946లో పుట్టినవాడు, అంటే ఇంగెమార్ వయసువాడే. తాను పెరిగిన కాలాన్నే తెరమీదికి తెచ్చాడు.

## చూస్తుండగా వచ్చే సందేహాలు

స్వీడన్ రెండో ప్రపంచ యుద్ధంలోనే లేదు కదా. దీన్ని యుద్ధం తర్వాతి ఐరోపా సినిమా అంటారేంటి?

యుద్ధంలో స్వీడన్ తటస్థంగా ఉంది, నిజమే. ఆ తటస్థత మచ్చలేనిదేమీ కాదు. జర్మనీకి ఇనుప ఖనిజం అమ్మింది, జర్మన్ సైనికుల్ని తన రైళ్ళలో దాటనిచ్చింది. మరోపక్క 1943లో డెన్మార్క్ నుంచి పడవల్లో తప్పించుకొచ్చిన ఏడు వేల మందికి పైగా యూదులకు ఆశ్రయమిచ్చింది. ఫిన్లాండ్ నుంచి సుమారు 70,000 మంది పిల్లలు తల్లిదండ్రులను వదిలి స్వీడన్ ఇళ్ళకు వచ్చి తలదాచుకున్నారు. కాబట్టి ఒక పిల్లాణ్ణి ఎవరో పరాయి ఊరికి రైలెక్కించడం ఆ తరానికి కొత్త దృశ్యం కాదు.

యుద్ధంలో ఫ్యాక్టరీలు కూలలేదు కనుక, చుట్టూ దేశాలు శిథిలాలు ఎత్తుకుంటుంటే స్వీడన్ త్వరగా పుంజుకుంది. 1948 నుంచి ప్రతి పిల్లాడి పేరు మీదా ప్రభుత్వ భత్యం ఇవ్వడం మొదలైంది. 1956లో టీవీ ప్రసారాలు అధికారికంగా మొదలయ్యాయి. 1958లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఆ దేశంలోనే జరిగింది. ఫైనల్లో పదిహేడేళ్ళ పేలే ఉన్న బ్రెజిల్ చేతిలో 5-2తో ఓడినా దేశం సంబరపడింది. ముందున్నవి మంచిరోజులే అన్న నమ్మకం ఊరూరా ఉన్న కాలం అది. అలాంటి కాలంలో ఒక ఇల్లు మాత్రం కూలిపోతోంది. ఈ సినిమాలోని నొప్పి చాలావరకు ఆ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

తల్లి పిల్లల మీద అంతలా అరుస్తుందేంటి? ఆమె మీద కోపం వచ్చింది.

మొదటిసారి చూసినవాళ్ళలో చాలామంది ఇదే అంటారు. ఆమె పరిస్థితి చూడండి. మంచం దిగలేని జబ్బు, సాయానికి భర్త లేడు, ఇరుకు అపార్ట్‌మెంట్, ఇద్దరు మగపిల్లలు. చేతిలో పుస్తకం పట్టుకుని కాసేపు ప్రశాంతంగా ఉండనిస్తే చాలని ఆమె ఆశ. అదీ దొరకదు. దర్శకుడు ఆమెను దేవతగా చూపించలేదు, రాక్షసిగానూ చూపించలేదు. సముద్రపు ఒడ్డున ఇంగెమార్ చేష్టలకు ఆమె పగలబడి నవ్విన జ్ఞాపకం సినిమాలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. పిల్లాడు దాచుకున్న అమ్మ ఆవిడే. అమ్మకి ఓపిక ఉన్న రోజుల్లోనే అన్నీ చెప్పేసి ఉండాల్సిందని వాడు మథనపడుతూ ఉంటాడు. తనవల్లే అమ్మకి జబ్బు ఎక్కువవుతోందేమో అన్న భయం వాడు నోరు తెరిచి చెప్పడు, కానీ ప్రతి పనిలో కనిపిస్తుంది.

గ్లాసులో పాలు తాగేటప్పుడు చెయ్యి ఎందుకలా వణుకుతుంది? కామెడీ కోసమా?

నవ్వు వస్తుంది, ఆ వెంటనే ఆగిపోతుంది. గ్లాసు నోటిదాకా తెచ్చేసరికి చెయ్యి అదుపు తప్పి పాలు ముఖం మీద పడతాయి. కావాలని చేస్తున్నాడనుకుని పెద్దవాళ్ళు విసుక్కుంటారు. పక్క తడపడం కూడా ఇలాంటిదే. ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పని పిల్లాడికి లోపలి టెన్షన్ ఇలా శరీరంలో బయటపడుతుంది. సైకాలజీ పాఠంలా వివరించకుండా ఒక గ్లాసు పాలతో చూపించడం హాల్‌స్ట్రోమ్ గొప్పతనం.

లైకా గురించి పిల్లాడు చెప్పేది నిజమేనా?

కొంత నిజం. లైకా మాస్కో వీధుల్లో దొరికిన కుక్క. 1957 నవంబర్ 3న సోవియట్ యూనియన్ దాన్ని స్పుత్నిక్-2లో కూర్చోబెట్టి కక్ష్యలోకి పంపింది. దాన్ని తిరిగి తెచ్చే ఏర్పాటు అసలు లేదు. చావడానికే పంపారు. ఒంటికి వైర్లు తగిలించి గుండె, ఊపిరి ఎలా ఉన్నాయో భూమి మీద నమోదు చేశారు.

తిండి అయిపోయేదాకా అయిదు నెలలు తిరిగి తిరిగి ఆకలితో చచ్చిపోయిందని ఇంగెమార్ నమ్ముతాడు. స్పుత్నిక్-2 నిజంగానే అయిదు నెలలకు పైగా తిరిగి 1958 ఏప్రిల్ 14న వాతావరణంలో కాలిపోయింది. కానీ లైకా అన్నాళ్ళు బతకలేదు. క్యాబిన్ వేడెక్కిపోవడంతో ప్రయోగం జరిగిన కొన్ని గంటల్లోనే చనిపోయింది. ఈ సంగతి ఒక రష్యన్ శాస్త్రవేత్త 2002లో బయటపెట్టేదాకా ప్రపంచానికి తెలియదు. అంతవరకు అధికారులు చెప్పింది వేరు, కొన్ని రోజులు బతికి నొప్పి లేకుండా పోయిందని. సినిమా తీసిన 1985 నాటికి హాల్‌స్ట్రోమ్‌కి కూడా అసలు విషయం తెలిసే అవకాశం లేదు. ఒక కుక్క విషయంలో పెద్దవాళ్ళు అబద్ధం చెప్పారని ఆ పిల్లాడికున్న అనుమానం మాత్రం నిజమే అయింది.

ఎప్పుడూ ప్రమాదాల వార్తలే తలుచుకుంటాడేంటి?

బోస్టన్‌లో కిడ్నీ మార్పిడి జరిగినా చనిపోయిన రోగి, మైదానం దాటుతుంటే జావెలిన్ గుచ్చుకున్న మనిషి, మోటార్‌సైకిల్‌తో బస్సుల మీంచి దూకబోయినవాడు. పేపర్లో చదివిన ఇలాంటివన్నీ రాత్రిపూట గుర్తు చేసుకుని, వాళ్ళతో పోలిస్తే నాకేం కాలేదు అనుకుంటాడు. మన ఇళ్ళలోనూ పిల్లాడు ఏడిస్తే “నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్ళు ఎంతమంది లేరు” అంటారు. ఇంగెమార్‌కి ఆ మాట చెప్పడానికి కూడా ఎవరూ లేరు, తనకు తనే చెప్పుకుంటాడు.

దీన్ని కొందరు పిల్లాడి ధైర్యంగా మెచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. ఏడవాల్సిన చోట ఏడవకుండా ఉండటానికి వాడు కనిపెట్టుకున్న ఉపాయం అది. ఎంత గట్టిగా పోల్చుకుంటే లోపల అంత గడ్డకడుతోందని సినిమా మొదటి నుంచీ చూపిస్తూనే ఉంది.

ఆ ఊరు నిజంగా ఉందా? అందరూ గాజు ఫ్యాక్టరీలోనే పనిచేస్తారా?

ఉంది. ఊరి సీన్లు దక్షిణ స్వీడన్‌లోని స్మోలాండ్‌లో ఓఫోర్స్ అనే చిన్న ఊళ్ళో తీశారు. ఆ ప్రాంతాన్ని గాజు రాజ్యం అని పిలుస్తారు. 1742లో కోస్తా అనే ఊళ్ళో మొదలైన గాజు పరిశ్రమ చుట్టుపక్కల అడవుల్లోకి పాకింది. కొలిమికి కట్టెలు కావాలి, అడవి దగ్గరుంది, పంటలకు నేల పనికిరాదు. ఇంకేం, ఊరుకో కొలిమి. ఓఫోర్స్‌లో 1876లో ఫ్యాక్టరీ పెట్టారు.

ఇలాంటి ఊళ్ళలో ఇళ్ళు, కొట్టు, ఫుట్‌బాల్ జట్టు అన్నీ ఫ్యాక్టరీ చుట్టూనే ఉండేవి. ఎర్రగా కాలిన గాజు ముద్దను గొట్టం చివర పట్టుకుని ఊదేవాడు ఊదుతుంటే, పక్కనున్నవాడు అచ్చు పడతాడు, ఇంకొకడు కోసి తీసుకెళ్తాడు. ఒకరి చెయ్యి ఆగితే అందరి పనీ ఆగిపోతుంది. చలికాలంలో ఆ కొలిమి దగ్గరే ఊరి జనం, దారినపోయేవాళ్ళు చేరి వెచ్చగా కూర్చునేవారు. కొలిమి వేడి మీద హెర్రింగ్ చేపలు కాల్చుకుని తినే అలవాటు ఇప్పటికీ ఆ ప్రాంతంలో పర్యాటకుల కోసం కొనసాగుతోంది. కొత్తగా వచ్చిన పిల్లాణ్ణి ఆ ఊరు ఏ ప్రశ్నలూ వేయకుండా కలుపుకోవడంలో అందుకే నాకు అతి కనిపించదు. పని తీరే వాళ్ళకు అది నేర్పింది.

మామయ్య రోజంతా పెట్టే ఆ కొబ్బరికాయ పాట ఏంటి?

పోవెల్ రామెల్ అనే స్వీడిష్ హాస్య గాయకుడి పాట, 1950 నాటిది. నాన్నా, నా కొబ్బరికాయ పగలడం లేదు అని ఒక పిల్లాడు మొరపెట్టుకునే సరదా పాట. గున్నార్‌కి పిచ్చి ఇష్టం, భార్య ఉల్లాకి వినీ వినీ తలనొప్పి. తండ్రిని పిలిచే పిల్లాడి పాట, తండ్రి దగ్గర లేని పిల్లాడి చెవిన రోజూ పడుతుంది. సినిమా దాని మీద ఒక్క మాట కూడా మాట్లాడదు.

సాగా అబ్బాయా, అమ్మాయా? మొదట అర్థం కాలేదు.

అమ్మాయే. మగపిల్లలతో కలిసి ఫుట్‌బాల్ ఆడుతుంది, బాక్సింగ్ చేస్తుంది, అందరికంటే బాగా ఆడుతుంది. ఎదుగుతున్న కొద్దీ తన శరీరమే తన ఆటకు అడ్డమవుతుందని, జట్టులోంచి తీసేస్తారని భయపడుతుంది. ఆ సంగతి దాచడానికి ఇంగెమార్ సాయం అడుగుతుంది.

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. స్వీడన్ మహిళల జాతీయ ఫుట్‌బాల్ జట్టు మొదటి మ్యాచ్ ఆడింది 1973లో. 1958లో పన్నెండు, పదమూడేళ్ళ అమ్మాయికి ఫుట్‌బాల్‌లో ముందు దారి అంటూ ఏదీ లేదు. మగపిల్లల జట్టు వద్దంటే ఆట అక్కడితో సరి. 1984లో స్వీడన్ మహిళలు ఐరోపా టైటిల్ గెలిచారు, ఆ మరుసటి ఏడాదే ఈ సినిమా వచ్చింది. అప్పుడు హాల్లో కూర్చున్న స్వీడిష్ ప్రేక్షకుడికి సాగా పాత్ర మనకంటే ఇంకా బాగా తగిలి ఉంటుంది.

ఊళ్ళో అందరూ వింత మనుషులే. కాస్త అతి అనిపించలేదా?

మంచం పట్టిన అర్విద్సన్ తాత పరుపు కింద లోదుస్తుల క్యాటలాగ్ దాచుకుని ఇంగెమార్‌తో పైకి చదివించుకుంటాడు. ఫ్రాన్సన్ ఎప్పుడు చూసినా ఇంటి కప్పు బాగుచేస్తూనే ఉంటాడు. ఒక పిల్లాడి జుట్టు ఆకుపచ్చ. చెప్పుకుంటూ పోతే అతిగానే ఉంటుంది. కానీ వీళ్ళలో ఎవర్నీ చూసి ఊరు నవ్వదు, మనల్నీ నవ్వమనదు. పట్నంలో తన చేష్టలకు తిట్లు తిన్న ఇంగెమార్, ఎవరి పిచ్చి వాళ్ళకు వదిలేసే చోటికి వచ్చాడు. ఈ వింత మనుషులు లేకపోతే వాడక్కడ ఎందుకు ఊపిరి పీల్చుకోగలిగాడో మనకు అర్థం కాదు.

ఫ్యాక్టరీలో పనిచేసే బెరిత్ శిల్పి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఇంగెమార్‌ని తోడు తీసుకెళ్తుంది. లోపలికి రానివ్వకపోతే వాడు కప్పెక్కి, అద్దం పగిలి లోపల పడతాడు. బెరిత్‌కి అది ఎంత నవ్వొచ్చే విషయమో, వాడు క్షేమంగా ఉండటం అంత ముఖ్యం. అవమానించదు. ఎదిగే పిల్లాడి తప్పు పట్ల ఒక యువతి ఇంత దయగా ఉండటం నేను సినిమాల్లో చాలా తక్కువగా చూశాను.

## సినిమా అయిపోయాక (కథ తెలిసిపోతుంది)

రెండోసారి వచ్చేసరికి మామయ్య ఇంట్లో గ్రీకు కుటుంబం ఉందేంటి?

తల్లి పోయాక ఇంగెమార్ మళ్ళీ ఊరికి వస్తాడు. అప్పటికి అర్విద్సన్ తాత లేడు, ఇల్లు ఒక పెద్ద గ్రీకు కుటుంబంతో నిండిపోయింది. చోటు చాలక పిల్లాణ్ణి అర్విద్సన్ గారి భార్య దగ్గర పడుకోబెడతారు. అప్పట్లో స్వీడన్ ఫ్యాక్టరీలకు మనుషులు దొరక్క బయటి దేశాల కార్మికులను తెచ్చుకుంటోంది. 1954 నుంచి పొరుగు నార్డిక్ దేశాలవాళ్ళు అనుమతి లేకుండానే వచ్చి పనిచేసుకోవచ్చు. తర్వాత దక్షిణ ఐరోపా నుంచి, 1960ల్లో యుగోస్లావియా, గ్రీస్‌ల నుంచి చాలామంది వచ్చారు.

కథపరంగా చూస్తే, తను తిరిగి చేరాలనుకున్న ఊరు కూడా తన కోసం ఆగలేదని పిల్లాడికి తెలిసే చోటు అది. మామయ్య ప్రేమలో లోటు లేదు, గది మాత్రం లేదు.

సిక్కన్‌ని ఏం చేశారు? సరిగ్గా ఎప్పుడు తెలుస్తుంది?

చంపించేశారు. కుక్కల్ని ఉంచే చోట క్షేమంగా ఉందనే వాడు నమ్ముతూ వస్తాడు. సాగా కోపంలో ఉండగా అసలు విషయం ముఖం మీద అనేస్తుంది. ఇంగెమార్ ఇంకో అమ్మాయి మీద ఆసక్తి చూపాడని ఆమెకు కోపం.

ఈ సినిమాలో నన్ను అన్నిటికంటే కలచివేసింది ఇదే. తల్లి పరిస్థితి ఎంత విషమించిందో పిల్లాడికి సూటిగా చెప్పినవాళ్ళు లేరు. కుక్క సంగతీ చెప్పలేదు. దయగల పెద్దలే, మంచి మనుషులే, అందరూ కలిసి దాచారు. పసివాడు తట్టుకోలేడని వాళ్ళ ఉద్దేశం. చివరికి ఆ నిజం వాడికి తన వయసు పిల్ల నోటి నుంచి, గొడవలో, దెబ్బలా తగిలింది. మెల్లగా చెప్పే అవకాశం పెద్దవాళ్ళకు నెలల తరబడి ఉంది.

సాగాని తప్పుపట్టేవాళ్ళు ఉన్నారు. ఆ మాట ఆమె అనకుండా ఉంటే బాగుండేది, నిజమే. కానీ ఊరందరిలో వాడితో నిజం మాట్లాడింది ఆ పిల్ల ఒక్కతే.

ఆ చిన్న గదిలో తలుపేసుకుని ఎందుకు కూర్చుంటాడు? మతి పోయిందా?

పెరట్లోని ఆ చెక్క గది గున్నార్ ముచ్చటపడి కట్టుకున్నది, వేసవిలో కూర్చోవడానికి. కుక్క సంగతి తెలిశాక ఇంగెమార్ అందులో దూరి తలుపు బిగించుకుంటాడు. కుక్కలా మొరుగుతాడు. పిచ్చి కాదు అది. అంతవరకు బోస్టన్ రోగితోనూ లైకాతోనూ పోల్చుకుని దుఃఖాన్ని దూరం పెట్టాడు. సిక్కన్ చావు ముందు ఆ ఉపాయం పనిచేయలేదు, పోల్చుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు. అమ్మ కోసం ఏడవని ఏడుపు కూడా అక్కడే వచ్చేసింది.

తల్లి పోయినప్పుడు ఏడవని పిల్లాడు కుక్క కోసం ఇంతగా కుప్పకూలడం ఏంటని కొందరు అడుగుతారు. పిల్లల దుఃఖం తెలిసినవాళ్ళకు ఆశ్చర్యం వేయదు. పెద్ద నష్టం ఎదుట కొయ్యబారిపోయి, ఆ తర్వాత చిన్నదానిగా కనిపించే ఇంకో నష్టం దగ్గర ఒక్కసారిగా విరిగిపోతారు. వాడి దృష్టిలో సిక్కన్ చిన్న నష్టం కూడా కాదు. అమ్మకి భారమని తనని పంపేసినట్టే దాన్నీ పంపేశారు. దాన్ని కాపాడలేకపోయానన్న బాధ వాడిని తినేస్తోంది.

చివర్లో బాక్సింగ్ మ్యాచ్ ఎందుకు? ఊరంతా ఆ కేకలేంటి?

1959 జూన్ 26న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో జరిగిన హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ పోరు అది. స్వీడన్ బాక్సర్ ఇంగెమార్ జొహాన్సన్ మూడో రౌండ్‌లో అమెరికన్ చాంపియన్ ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ని ఏడుసార్లు పడగొట్టాడు, రిఫరీ ఆట ఆపేశాడు. ఆ బాక్సర్ పేరే మన పిల్లాడి పేరు కూడా.

స్వీడన్ జనానికి ఆ గెలుపు ఎంత పెద్దదో తెలియాలంటే ఏడేళ్ళు వెనక్కి వెళ్ళాలి. 1952 హెల్సింకి ఒలింపిక్స్ ఫైనల్లో ఇదే జొహాన్సన్‌ని సరిగా పోరాడటం లేదంటూ అనర్హుడిగా ప్రకటించి రజత పతకం కూడా ఇవ్వలేదు. పిరికివాడన్న ముద్ర పడింది. ఆ పతకం చేతికొచ్చింది 1982లో. అలాంటి మనిషి ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఇంకో సంగతి, స్వీడిష్ రేడియో ఈ మ్యాచ్‌ని ప్రసారం చేయనంది. ప్రొఫెషనల్ బాక్సింగ్ వాళ్ళ దృష్టిలో తగని ఆట. జనం రేడియో లక్సెంబర్గ్ పెట్టుకుని, తెల్లవారుజామున గరగరల మధ్య విన్నారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే మన దగ్గర ఆలిండియా రేడియో సినిమా పాటలు ఆపేస్తే ఇళ్ళల్లో రేడియో సిలోన్ మోగినట్టు. కిటికీలు తెరిచి ఊరంతా ఒకే వార్తకు కేకలేయడం ఆ తరం స్వీడన్‌వాళ్ళకు స్వయంగా అనుభవమైన క్షణం.

ఆ గోలలో ఇంగెమార్, సాగా సోఫా మీద పక్కపక్కనే నిద్రపోతుంటారు. బాక్సర్ గెలిచాడు కాబట్టి పిల్లాడూ గెలిచాడని చదవొద్దని నా మనవి. వాడికి ఆ రాత్రి దక్కింది నిద్ర, పక్కన ఒక మనిషి. హాల్‌స్ట్రోమ్ అంతకుమించి వాగ్దానం చేయలేదు.

ఈ దర్శకుడివి ఇంకేం చూశాం మనం?

దీనికి ముందు ఆయన ‘ఆబ్బా’ బృందం పాటల వీడియోలు చాలా తీశాడు. ఆస్కార్ నామినేషన్ తర్వాత అమెరికా వెళ్ళి అక్కడే ఎక్కువ సినిమాలు చేశాడు. 2009లో రైల్వే స్టేషన్ దగ్గర యజమాని కోసం ఎదురుచూసే కుక్క కథ ‘హాచీ’ ఆయనదే. మనవాళ్ళకు బాగా దగ్గరైనది 2014లో వచ్చిన ‘ది హండ్రెడ్-ఫుట్ జర్నీ’, ఫ్రాన్స్‌లో హోటల్ పెట్టుకున్న భారతీయ కుటుంబం కథ. ఓం పురి, జూహీ చావ్లా అందులో నటించారు. హంగులు, డబ్బు వాటిల్లో ఎక్కువ. నేను మాత్రం ఎప్పటికీ ఈ 1985 సినిమాకే ఓటేస్తాను.

ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారు?

సాగాగా చేసిన మెలిందా కిన్నమన్ నటనలోనే కొనసాగి, స్వీడన్ రాయల్ డ్రమాటిక్ థియేటర్‌లో పేరు తెచ్చుకుంది. ఇంగెమార్‌గా చేసిన ఆంటన్ గ్లాన్‌జేలియస్ మాత్రం పెద్దగా నటనలో నిలబడలేదు. గున్నార్ మామయ్య పాత్ర వేసిన తోమస్ వోన్ బ్రోమ్సెన్ స్వీడన్‌లో అందరికీ తెలిసిన హాస్యనటుడు.